పదిహేను వేల రూపాయల భోజనం: ఎప్పుడు తగినది, ఎప్పుడు కాదు

ఇద్దరు కూర్చుని భోజనం చేసి లేచేసరికి బిల్లు పదిహేను వేల రూపాయలు దాటే చోట్లు ఇప్పుడు హైదరాబాదులోనే ఉన్నాయి. ముంబయి, దుబాయి, న్యూయార్కులకు వెళితే అంతకు రెండు మూడు రెట్లు పెట్టవలసిన బల్లలు కూడా ఉన్నాయి. అంత ఖర్చు తగునా అని నన్ను అడిగేవారిలో ఎక్కువమంది పెళ్లిరోజుకో, తల్లిదండ్రుల షష్టిపూర్తికో, మొదటి పెద్ద జీతం అందిన సందర్భానికో డబ్బు దాచుకున్నవారే. ఆ డబ్బు వారికి తేలికగా వచ్చినది కాదు. అందుకే ఈ ప్రశ్నకు ‘ఎవరి ఇష్టం వారిది’ అని జవాబు చెప్పి తప్పుకోవడం నాకు నచ్చదు. ఒకే మాదిరి బిల్లు వెనుక వేర్వేరు సరుకులు అమ్ముడవుతున్నాయి. ఏది కొంటున్నామో తెలిస్తే కొనాలా వద్దా అన్నది చాలావరకు తేలిపోతుంది.

ముందుగా బిల్లునే విడదీసి చూద్దాం. మెనూ కార్డు మీద ఇద్దరికీ కలిపి 12,000 రూపాయలు అయిందని అనుకోండి. దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జీ వేస్తే 13,200 అవుతుంది. గదికి రోజుకు 7,500 రూపాయలకు మించి తీసుకునే హోటళ్లలోని రెస్టారెంట్లకు జీఎస్టీ 18 శాతం కాబట్టి మరో 2,376 చేరి మొత్తం 15,576 రూపాయలకు వస్తుంది. అంటే కార్డు చూసి మనసులో కట్టుకున్న లెక్క కంటే దాదాపు 3,600 రూపాయలు ఎక్కువ. అదే భోజనం స్టార్ హోటలుకు సంబంధం లేకుండా విడిగా నడిచే రెస్టారెంటులో తిని, సర్వీస్ ఛార్జీ లేకపోతే, జీఎస్టీ 5 శాతమే కాబట్టి 12,600తో బయటపడతాము. రెండు చోట్ల ఒకే స్థాయి వంట దొరుకుతున్నప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

సర్వీస్ ఛార్జీ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మర్యాదకు పోయి చాలామంది నోరు మెదపరు. దానిని బిల్లులో తమంతట తాముగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వడ్డించినవారి పని నచ్చితే వారికి నేరుగా ఇవ్వవచ్చు, బిల్లులో వేసినది తీసివేయమని నిస్సంకోచంగా అడగవచ్చు, తీయకపోతే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. ఖరీదైన చోట కూర్చున్నామన్న బెరుకుతో ఈ హక్కును వదులుకోవలసిన అవసరం లేదు. మంచినీళ్ల విషయంలోనూ అంతే: సీసా నీళ్లు కావాలా అని అడిగినప్పుడు మామూలు నీళ్లు చాలు అని చెప్పడం ఏమాత్రం చిన్నతనం కాదు.

పన్నులు, ఛార్జీలు పోగా మిగిలే అసలు ధరలో ఏముంటుందన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. దినుసుల ఖర్చుకు పదింతలు గుంజుకుంటున్నారని చాలామంది అనుకుంటారు గాని, నిజంగా పై స్థాయిలో ఉన్న వంటశాలల్లో పెద్ద ఖర్చు మనుషుల చేతిపని. ముప్పై నలభై మంది అతిథుల కోసం దాదాపు అంతమందే పనిచేసే చోట్లు ఉన్నాయి. కోపెన్‌హాగెన్‌లోని నోమా ప్రపంచంలోనే మేటి రెస్టారెంటుగా అనేకసార్లు ఎంపికైంది. అటువంటి చోట కూడా ఏళ్ల తరబడి జీతం లేని శిక్షణార్థులు పనిచేశారు. వారికి 2022 అక్టోబరులో జీతాలు ఇవ్వడం మొదలుపెట్టారు. 2023 జనవరిలో దాని షెఫ్ రెనె రెడ్జెపీ ఈ పద్ధతి ఇక నిలదొక్కుకోలేదని చెప్పి, రోజువారీ రెస్టారెంటుగా దానిని ముగిస్తామని ప్రకటించారు. అంత ధర పెట్టినా లెక్క కుదరలేదంటే, ఎక్కువ ధరలన్నీ దోపిడీ అనే మాట నిలవదు. అయితే కష్టపడి చేశారు కనుక నాకు గిట్టుబాటు అయినట్టే అని అతిథి అనుకోనవసరమూ లేదు. వారి కష్టానికి తగిన ధర, నా జేబుకు తగిన ధర ఒకటే కానక్కరలేదు.

గుండిగ వంట, కొద్ది పళ్లేల వంట

ఎంపికలో నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చిన విభజన ఇది. కొన్ని వంటలు పెద్ద ఎత్తున వండితేనే బాగుంటాయి. సంతర్పణలో గాడిపొయ్యి మీద, గుండిగలో మరిగిన గుమ్మడికాయ పులుసు రుచి ఇంట్లో నలుగురికి చేసినప్పుడు రాదని మన పెద్దవాళ్లందరికీ తెలుసు. దమ్ బిర్యానీ అటువంటిదే: నిండుగా ఉన్న డేగిశాలో ఆవిరి కదలాడినట్టు చిన్న గిన్నెలో కదలాడదు. రంజాన్ నెలలో పాతబస్తీలో వెలిసే హలీం బట్టీల దగ్గర గోధుమలు, మాంసం గంటల కొద్దీ ఉడుకుతూ, కర్రలతో దంచబడుతూ ఒకటిగా కలిసిపోతాయి. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది ఆ బట్టీల వల్లనే గాని, పింగాణీ గిన్నెలో వెండి చెంచాతో పెట్టడం వల్ల కాదు.

ఇడ్లీ, పెసరట్టు వంటి వాటికి రద్దీయే ఒక దినుసు. పెనం చల్లారకుండా ఒకదాని తరువాత ఒకటి పోస్తూ ఉండాలి, రుబ్బిన పిండి మధ్యాహ్నానికి మిగలకుండా అయిపోవాలి, చట్నీ గిన్నె రోజుకు పదిసార్లు ఖాళీ కావాలి. స్టార్ హోటలు ఉదయపు బఫేలో పెసరట్టు ఎంత మంచి నూనెతో వేసినా, వేసేవాడికి రోజుకు ముప్పై ఆర్డర్లే వస్తుంటే, వీధి చివర టిఫిన్ బండిలో రోజుకు నాలుగు వందలు పోసే చేతికి అది సాటి రాదు. కాకినాడలో సుబ్బయ్య గారి హోటలు భోజనం అంత పేరు తెచ్చుకున్నది అంతమంది జనం అక్కడ రోజూ బంతికి కూర్చుంటున్నందువల్ల; జనం వస్తారు కాబట్టి అన్ని రకాలు వేడివేడిగా వండగలుగుతారు, అన్ని రకాలు ఉంటాయి కాబట్టి జనం వస్తారు. ఈ కోవలోని వంటలన్నిటికీ మంచి రుచి తక్కువ ధరలోనే శిఖరానికి చేరుతుంది. ఆపైన పెట్టే ప్రతి రూపాయి ఏసీకి, తెల్లటి బల్లగుడ్డకు పోతుంది. కాబట్టి తెలుగు భోజనం కోసం, బిర్యానీ కోసం, హలీం కోసం చాలా ఖరీదైన హోటలుకు వెళ్లవద్దని నా స్పష్టమైన సలహా.

రెండవ కోవలోవి కొద్ది పళ్లేలకే సాధ్యమయ్యే వంటలు. ఒక చేప ముక్కను సరిగ్గా ఎన్ని క్షణాలు నిప్పు మీద ఉంచాలో ఒక్కొక్క పళ్లేనికి విడిగా చూడటం, మూడు రోజులు కాచి వడపోసిన రసాన్ని నాలుగు చెంచాలుగా వడ్డించడం, ఏడాదిలో రెండు వారాలే దొరికే అడవి పండునో కొండ ప్రాంతపు ఆకునో తెప్పించి అప్పటికప్పుడు వాడటం వంటివి రద్దీలో జరగవు. ముంబయిలో మహాలక్ష్మి ప్రాంతపు పాత మిల్లు ఆవరణలో 2016లో మొదలైన మాస్క్ అనే రెస్టారెంటు ఇటువంటి పని చేస్తుంది. అక్కడ మనకు కావలసినది మనం ఎంచుకోము. వారు నిర్ణయించిన వరుసలో పది వరకు వంటకాలు చిన్న చిన్న పళ్లేలలో వస్తాయి. దీనినే టేస్టింగ్ మెనూ అంటారు. ఢిల్లీలో 2009 నుంచి ఉన్న ఇండియన్ యాక్సెంట్ కూడా భారతీయ వంటలను ఈ దారిలో కొత్తగా ఆలోచించి పేరు తెచ్చుకుంది. దుబాయిలోని ట్రెసిండ్ స్టూడియో 2025లో, రెస్టారెంట్లకు స్థాయి నిర్ణయించే మిషెలిన్ గైడు నుంచి మూడు నక్షత్రాలు అందుకున్న తొలి భారతీయ వంటల రెస్టారెంటు అయింది. ఎక్కువ డబ్బు పెట్టాలని ఉంటే ఈ కోవకే పెట్టాలని, అదీ రోజూ తినని, ఇంట్లో వండలేని రుచుల కోసమే పెట్టాలని అంటాను.

ఈ రెండింటికీ మధ్య ఒక కోవ ఉంది. డబ్బుకు అన్నిటికంటే తక్కువ ఫలితం అక్కడే దొరుకుతుందని నా అనుభవం. అది స్టార్ హోటలు వారాంతపు బఫే. ఎనభై రకాలు ఉంటాయి, ఒక్కటీ అప్పుడే పొయ్యి దిగినది కాదు. గుండిగ వంటలోని జీవం దానికి లేదు, కొద్ది పళ్లేల వంటలోని శ్రద్ధా లేదు. పిల్లలతో పెద్ద కుటుంబం కలిసి కూర్చోవడానికి అనువైన చోటు కావాలంటే సరే, రుచి కోసమైతే ఆ డబ్బు మిగుల్చుకోవడమే మేలు.

చోటు కొనుక్కోవడం

ఫలక్‌నుమా ప్యాలెస్‌లో భోజనం చేయాలని హైదరాబాదులో ఉన్నవారికి ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది. 1884లో ‘పైగా’ అనే నవాబుల వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా కట్టడం మొదలుపెట్టించి, తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్లిన ఆ భవనాన్ని తాజ్ సంస్థ ఏళ్ల తరబడి బాగుచేయించి 2010లో హోటలుగా తెరిచింది. నూట ఒక్క మంది ఒకేసారి కూర్చోగల భోజనాల బల్ల ఉన్న ఇల్లు అది. అక్కడి అదా రెస్టారెంటులో హైదరాబాదీ వంటలు వడ్డిస్తారు. బిల్లు ఇచ్చేటప్పుడు మనం ఎక్కువగా చెల్లిస్తున్నది కొండ మీది నుంచి సాయంత్రం కనిపించే నగరానికి, ఆ మెట్లకు, ఆ పాలరాతికి. దీనిని నేను తప్పుపట్టడం లేదు. పాతబస్తీలో పుట్టి పెరిగి, జీవితమంతా ఆ భవనాన్ని కింద నుంచి మాత్రమే చూసిన ఒక పెద్దాయన తన కొడుకు సంపాదనతో ఆ లోపల కూర్చుంటే, ఆ సాయంత్రం విలువను బిర్యానీ రుచితో తూచలేము. అయితే చోటు కోసం వెళుతున్నామన్న సంగతి ముందే ఒప్పుకుని వెళ్లాలి. అలా ఒప్పుకున్నప్పుడు పూర్తి రాత్రి భోజనం కంటే సాయంత్రపు టీకి వెళ్లడం చాలా సందర్భాలలో తెలివైన ఎంపిక: చోటు అదే, వెలుతురు ఇంకా ఉంటుంది, బిల్లు తక్కువ.

విదేశాలలో ఉన్నవారికి ఇదే సూత్రం మరో రూపంలో పనికివస్తుంది. లండన్, పారిస్, టోక్యో వంటి నగరాలలో పేరున్న రెస్టారెంట్లు చాలావరకు మధ్యాహ్న భోజనాన్ని రాత్రి ధర కంటే బాగా తక్కువకు పెడతాయి. వంటశాల అదే, చేయి అదే. సెలవు పెట్టగలిగితే మధ్యాహ్నమే వెళ్లాలి.

నక్షత్రాలు ఏమి చెబుతాయి, ఏమి చెప్పవు

మిషెలిన్ గైడును 1900లో టైర్ల కంపెనీ కారు ప్రయాణికుల కోసం అచ్చువేసింది. నక్షత్రాలు ఇవ్వడం 1926లో మొదలైంది. ఒక నక్షత్రం అంటే మంచి వంట, రెండంటే దారి మళ్లి వెళ్లదగినది, మూడంటే దానికోసమే ప్రయాణం కట్టదగినది అని అర్థం. బల్లగుడ్డలకు, దీపాలకు, వడ్డనకు ఈ నక్షత్రాలలో చోటు లేదని, పళ్లెంలో ఉన్నదే చూస్తామని ఆ గైడు చెప్పుకుంటుంది. దానికి నిదర్శనంగా 2016లో సింగపూరులో హాకర్ చాన్ అనే చిన్న దుకాణానికి రెండు సింగపూరు డాలర్ల చికెన్ అన్నానికి నక్షత్రం వచ్చింది. 2021లో అది పోయింది కూడా. కాబట్టి నక్షత్రం ఉంటే ఖరీదు ఎక్కువ, ఖరీదు ఎక్కువైతే నక్షత్ర స్థాయి అనే రెండు అంచనాలూ తప్పే. పైగా ఆ గైడు భారతదేశంలోని నగరాలకు నక్షత్రాలు ఇవ్వదు; అందువల్ల హైదరాబాదులో ఎవరైనా ‘మిషెలిన్ స్థాయి’ అని ప్రకటించుకుంటే ఆ మాటకు బిల్లులో విలువ కట్టవద్దు. న్యూయార్కులో ఉన్న తెలుగువారికి మాత్రం దగ్గరలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది: తమిళనాడు పల్లె వంటలను దాచిపెట్టకుండా, మెత్తబరచకుండా వడ్డించే సెమ్మ అనే రెస్టారెంటుకు 2022లో నక్షత్రం వచ్చింది. మన పక్క ఇంటి రుచులు అంత దూరంలో అంత గౌరవం పొందడం చూస్తే, గోంగూరకు, ఉలవచారుకు ఆ శ్రద్ధతో పనిచేసే చేయి ఎప్పుడు దొరుకుతుందా అన్న ఆశ కలుగుతుంది.

ధర చూసి రుచి పెరిగినట్టు అనిపించడం కూడా నిజంగా జరిగే విషయమే. 2008లో అమెరికా పరిశోధకులు ఒకే వైన్‌ను ఒకసారి పది డాలర్లదని, మరోసారి తొంభై డాలర్లదని చెప్పి తాగించినప్పుడు, ఖరీదు ఎక్కువని విన్నవారు బాగుందని చెప్పడమే కాక, ఆనందాన్ని నమోదు చేసే మెదడు భాగంలో కదలిక కూడా పెరిగింది. ధర చెప్పకుండా రుచి చూపినప్పుడు ఆ తేడా కనబడలేదు. దీని నుంచి నేను తీసుకున్న ఆచరణ ఒక్కటే: ఖరీదైన భోజనం గురించి ఆ రాత్రి తీర్పు చెప్పను. నెల తరువాత ఏ వంటకం నాలుక మీద గుర్తుందో చూసుకుంటాను. ఒక్కటైనా గుర్తుంటే మళ్లీ ఆ చోటు గురించి ఆలోచిస్తాను.

కొసరి వడ్డించే ఇంటి నుంచి వచ్చినవారు

మన దగ్గర అతిథికి చేసే మర్యాదకు కొలత మారు వడ్డన. వద్దని చేయి అడ్డం పెట్టినా ఇంకొక్క ముద్ద వేయడం, విస్తరిలో ఏది ఖాళీ అయిందో నిలబడి చూడటం మన పద్ధతి. టేస్టింగ్ మెనూలో మర్యాద మరో విధంగా ఉంటుంది: అన్నీ లెక్క ప్రకారం, ఒక్కొక్కటి రెండు ముద్దలు, నచ్చినది ఇంకొంచెం అడిగే వీలు లేదు. రెండూ మర్యాదలే, కానీ ఒకదానికి అలవాటుపడినవారికి మరొకటి పిసినారితనంగా తోస్తుంది. దీనిని ముందు ఆలోచించకుండా పెద్దవాళ్లను తీసుకువెళ్లడం వల్ల మా ఇంట్లో ఒక సాయంత్రం పాడయింది.

మా అమ్మ శాకాహారి. పేరు చెప్పను గాని, ఒక పెద్ద హోటలులో నాన్నగారి పదవీ విరమణ సందర్భంగా భోజనం పెట్టించాను. బుకింగ్ చేసేటప్పుడే శాకాహారం సంగతి చెప్పాను. మాకు వచ్చిన ప్రతి మాంసపు వంటకం స్థానంలో ఆమెకు పనీరు వచ్చింది, మూడుసార్లు పనీరే. ధర మాత్రం అందరికీ ఒకటే. వంటకానికి వంటకానికి మధ్య ఇరవై నిమిషాలు పట్టింది, నాన్నగారు షుగర్ మాత్ర వేసుకుని ఎదురుచూశారు. మూడు గంటల తరువాత ఇంటికి వచ్చి అమ్మ మాట్లాడకుండా మజ్జిగన్నం కలుపుకుంది. నాకు కష్టం కలిగించింది డబ్బు పోవడం కాదు, ఆమె ఆ సాయంత్రమంతా నా కోసం బాగుందని చెబుతూ ఉండటం.

అప్పటి నుంచి ఫోను చేసి అడగకుండా ఎక్కడా బల్ల పట్టుకోలేదు. శాకాహార వరుసను విడిగా ఆలోచించి వండుతారా, లేక మాంసం తీసి మరొకటి పెడతారా అన్నది మొదటి ప్రశ్న. వారు వంటకాల పేర్లు వెంటనే చెప్పగలిగితే విడిగా ఆలోచించినట్టే. ఉల్లి, వెల్లుల్లి తినని వారు ఉంటే ఆ మాట రెండు రోజుల ముందే చెప్పాలి. భోజనానికి ముందు మందు వేసుకునే వారు ఉంటే మొదటి వంటకం ఎన్ని నిమిషాలకు వస్తుందో, మొత్తం ఎంతసేపు పడుతుందో తెలుసుకోవాలి. శనివారం మాంసం ముట్టని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి కనుక, ఖాళీ దొరికింది కదా అని శనివారం రాత్రికి బుక్ చేయకుండా వారం కూడా చూసుకోవాలి. డబ్బు తిరిగి ఇవ్వని ముందస్తు చెల్లింపు ఉన్న చోట ఈ జాగ్రత్త మరీ అవసరం.

మరి ఏది ఎంచుకోవాలి

వంట మీద నిజమైన ఆసక్తి ఉన్న ఇద్దరు, స్నేహితులైనా దంపతులైనా, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొద్ది పళ్లేల వంట కోసం ఇరవై ముప్పై వేలు పెట్టుకోవడం తప్పు కాదు. సంగీత కచేరీ కోసం మరో ఊరు వెళ్లేవారు ఉన్నట్టే ఇదీ. మద్యం తాగేవారు అది వేరే ఖర్చని గుర్తుంచుకోవాలి. వంటకం వంటకానికీ జోడీగా ఇచ్చే వైన్ తీసుకుంటే బిల్లు దాదాపు రెట్టింపు అవుతుంది, మొదటిసారి వెళ్లేవారికి దానివల్ల నాలుక మొద్దుబారడమే ఎక్కువ. అప్పు చేసి, క్రెడిట్ కార్డు వాయిదాలలో కట్టే ఆలోచనతో వెళ్లడం మాత్రం ఏ సందర్భానికీ సమర్థించలేను.

పెద్దల కోసం, కుటుంబం కోసం అయితే పోల్చవలసినది ఒక హోటలును మరో హోటలుతో కాదు, ఇంటితో. మొదట చెప్పిన ఆ 15,576 రూపాయలే తీసుకోండి. విస్తరికి 500 చొప్పున మంచి వంటవాళ్లకు అప్పగిస్తే ముప్పై మందికి పూర్ణాలు, పులిహోర, పనసపొట్టు కూర, ముక్కల పులుసు, గడ్డపెరుగుతో భోజనం పెట్టవచ్చు. మారు వడ్డన కూడా అందులోనే. ఆ ముప్పై మందిలో అమ్మ చెల్లెళ్లు, నాన్నగారి పాత సహోద్యోగులు ఉంటారు.

వచ్చే మాఘంలో మా అమ్మానాన్నలకు పెళ్లయి నలభై ఐదేళ్లు నిండుతాయి. వారిద్దరికీ ఫలక్‌నుమాలో ఒక సాయంత్రం టీకి బల్ల అడగాలని, మరునాడు మధ్యాహ్నం మేడ మీద పందిరి వేసి బంతి భోజనం పెట్టాలని నేను, మా చెల్లెలు నిర్ణయించుకున్నాము. వంటవాళ్లకు బయానా ఇచ్చాము. టీ సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు.